ఒక్క వేలు గ్రీజు

నీలం గ్రీజు పెట్టి బిగించిన బేరింగులోంచి బూడిద రంగు గంజి ఎలా కారుతుంది? ఆ పొద్దున్న నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. ఏదైనా ప్రశ్న పట్టుకుంటే అది నన్ను వదలదు, నేను చుట్టుపక్కల వాళ్ళను వదలను. మా మామగారు నాకు పెట్టిన పేరే "ఎందుకమ్మ". కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన షెడ్డులో బండి విప్పుతుంటే పక్కన నిలబడి, ఊడిన ప్రతి నట్టుకీ "ఎందుకు?" అని అడిగానట. ఆయన విసుక్కోకుండా చెప్పారు. చెప్పీ చెప్పీ చివరికి పానా నా చేతికే ఇచ్చేశారు.

పన్నెండేళ్ళయింది. చేతులు వణుకుతున్నాయని మూడేళ్ళ క్రితం ఆయన పని మానేశారు. నోరు మాత్రం మానలేదు. తలుపు పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చుని, వచ్చే ప్రతి బండినీ దాని చప్పుడును బట్టి తిడతారు. వీధి చివర బేకరీవాడి పొయ్యిలోకి వెళ్ళే ట్రాలీ చక్రాలు కీచుమంటే దాన్నీ ఇక్కడి నుంచే తిడతారు. మా ఆయనకి ఇనుము ముట్టుకుంటే తుమ్ములొస్తాయి కాబట్టి బడిలో లెక్కలు చెప్పుకుంటాడు. అలా ఈ షెడ్డు మామాకోడళ్ళ రాజ్యం అయింది.

ఆ రోజు నేను విప్పింది నర్సక్క బండి. ఆవిడ మందుల పెట్టె వెనక కట్టుకుని కొండ అవతలి ఇళ్ళకి రోజూ తిరుగుతుంది. దారిలో వాగు రెండు చోట్ల అడ్డం వస్తుంది. వెళ్ళేటప్పుడు రెండు సార్లు, వచ్చేటప్పుడు రెండు సార్లు బండి కడుపుదాకా నీళ్ళలో మునుగుతుంది. సరిగ్గా ఆ కడుపు కిందే, కుదుపులు మింగే వెనక షాకప్‌కి ఒక లింకు ఉంటుంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడు ఆ కుదుపును షాకప్‌కి అందించేది అదే. దాని లోపలి బేరింగులో, బుష్ అనే ఉక్కు గొట్టం చుట్టూ, అగ్గిపుల్లలో సగం ఉండే ఉక్కు కడ్డీలు గుండ్రంగా పేర్చి ఉంటాయి. అవి తుప్పు పట్టి బిగుసుకుంటే ఎంత మంచి షాకప్ ఉన్నా దండగ. సీటు మీద కూర్చున్నట్టుండదు, రోకలి మీద కూర్చున్నట్టుంటుంది.

ఏడాదిలో ఇది మూడోసారి బిగుసుకోవడం.

"చెల్లీ, నీ మీద కోపం లేదు," అంది నర్సక్క గోడకి చేరగిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని. "కానీ డాక్టరు తేల్చి చెప్పేశాడు. వెన్నుపూస ఒకటి పక్కకి జరిగిందట. ఇంకా ఇలాగే కుదుపులు తింటే మంచం ఎక్కడమేనట." సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి నా బల్ల సొరుగులో పెట్టింది. తిరిగే డ్యూటీ వద్దు, ఆఫీసులో వెయ్యండి అని అర్జీ. సంతకం కూడా పెట్టేసింది. "ఇది నీ దగ్గరే ఉండనీ. నా దగ్గరుంటే ఏదో ఒక రోజు విసుగొచ్చి ఇచ్చేస్తాను. ఈ వానలు అయ్యేదాకా చూస్తాను. ఈసారీ బిగుసుకుందా, నువ్వే తీసి నా చేతిలో పెట్టు."

"ఆఫీసులో ఏం చేస్తావక్కా?"

"రిజిస్టర్లు రాస్తాను. నడుం బాగుంటుంది. నేనే బాగుండను." నవ్వబోయి ఆపేసింది. "నా బదులు ఇంకొకళ్ళని వెయ్యరు కూడా. ఆ వాగు చూశాక ఎవరొప్పుకుంటారు?"

నర్సక్క వచ్చినప్పుడు మాత్రం మామగారు ఎవరినీ తిట్టరు. మా అత్తయ్య మంచాన పడ్డ ఏడు నెలలూ ఈ నర్సక్కే రోజూ సాయంత్రం తిరుగుదారిలో మా ఇంటి ముందు బండి ఆపి, తడిసిన చెప్పులు గుమ్మంలో వదిలి, లోపలికి వచ్చి అత్తయ్యను పక్కకి తిప్పి, వీపుకి మందు రాసి వెళ్ళేది. ఒక్క రోజు కూడా తప్పలేదు.

నర్సక్క వెళ్ళాక నేను తల పట్టుకుని కూర్చున్నాను. తప్పు ఎక్కడ చేస్తున్నాను?

మొదటిసారి ఎర్ర గ్రీజు పెట్టాను. చక్రాల బేరింగులకి పెట్టేది. ఎంత వేడెక్కినా కరగదు, కొట్లో అదే గొప్పదని అన్నారు. నాలుగు నెలల్లో పోయింది. అప్పుడు నాలుక కరుచుకున్నాను. చక్రంలో బేరింగు గిర్రున తిరుగుతుంది కాబట్టి వేడెక్కుతుంది. ఈ లింకులోది తిరగదు, తలూపుతుంది అంతే. ఇంత ముందుకి, ఇంత వెనక్కి. దానికి వేడెక్కడిది? రెండోసారి ఆ తలూపడం గురించే ఆలోచించి, ఒకేచోట రాపిడి తట్టుకునే నల్ల గ్రీజు తెచ్చాను. మూడు నెలలు. అప్పటికి గాని నా మట్టిబుర్రకి వాగు గుర్తుకు రాలేదు. దీనికి కావలసింది నీళ్ళొచ్చి తలుపు తట్టినా చోటు వదలని గ్రీజు. పడవల వాళ్ళు వాడే నీలం గ్రీజు వెతికి తెప్పించాను. చేత్తో ముట్టుకుంటే సబ్బుతో మూడుసార్లు కడిగినా వదలదు. ఇంక దిగులు లేదనుకున్నాను. తీరా చూస్తే పది వారాలకే ఇదీ సంగతి. నీలం లేదు, జిడ్డూ లేదు. బూడిద రంగు గంజి, దాని కింద ఎర్రటి తుప్పు.

ఇంకేం, నేరుగా గ్రీజు కొట్టు మీదికి వెళ్ళి ఒంటికాలి మీద లేచాను.

"పడవల గ్రీజు అని చెప్పి ఏం అంటగట్టారు నాకు? కల్తీ సరుకు అమ్మడానికి సిగ్గుండక్కర్లా?"

కొట్టాయన పెద్దమనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, "అమ్మా, అదే డబ్బాలోది నలుగురు తీసుకెళ్ళారు, ఒక్కరూ ఏమీ అనలేదు," అన్నాడు. "అననివాళ్ళంతా మొహమాటస్థులు!" అని అరిచి వచ్చేశాను. దారిలో సగం దూరం వచ్చాక గాని నాకు అనుమానం రాలేదు. కల్తీదైతే నా డబ్బాలో మిగిలింది కూడా గంజి అవ్వాలి కదా?

డబ్బా మూత తీసి చూశాను. నీలంగా, నిగనిగలాడుతూ, దిట్టంగా ఉంది. ఎందుకు?

పగిలిన సైడు అద్దాల ముక్కలు షెడ్డులో బోలెడున్నాయి. ఒక ముక్క మీద నీలం గ్రీజు రాసి, నేనే వెళ్ళి సీసాలో పట్టుకొచ్చిన వాగు నీళ్ళు, ఒండ్రుతో సహా పోసి రెండు రోజులు ఉంచాను. నీళ్ళు మురికయ్యాయి, గ్రీజు చెక్కుచెదరలేదు. కడిగినప్పుడు కిరసనాయిలు తడి మిగిలిపోయిందేమోనని ఇంకో ముక్క మీద రెండు చుక్కలు కలిపాను. కొంచెం పలచబడింది, అయినా నీలం నీలంగానే ఉంది. ఎండలో పెట్టాను. ఉప్పు నీళ్ళు పోశాను. మా ఆయన బడి నుంచి వచ్చి కిటికీ గట్టు నిండా అద్దం ముక్కలు చూసి, "ఇల్లా, ప్రయోగశాలా?" అన్నాడు. "తుమ్మకుండా లోపలికి పో," అన్నాను.

నీళ్ళు కాదు. ఎండ కాదు. కిరసనాయిలు కాదు. మరి బూడిద రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు నా ఎదురుగానే కూర్చుని గ్లాసు అందుకుంది. మర్నాడు పదకొండు గంటలకి మామగారికి మజ్జిగ ఇస్తుంటే, వణుకుతున్న ఆ కుడి చూపుడువేలి గోరు కింద ఒక సన్నటి గీత కనిపించింది. బూడిద రంగు గీత. పని మానేసి మూడేళ్ళయిన మనిషి గోట్లో గ్రీజు ఎందుకుంది?

ఆ రంగు నాకు తెలుసు. ఆయన వయసులో ఉన్నప్పుడు పెంకుల ఫ్యాక్టరీలో పనిచేశారు. పెంకులు కాల్చే బట్టీలోకి వెళ్ళే బళ్ళ చక్రాలకి అక్కడ ప్రత్యేకంగా ఒక గ్రీజు వాడేవారు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు అందరూ కుర్చీలూ బల్లలూ పట్టుకుపోతే, ఈయన ఒక డ్రమ్ము గ్రీజు దొర్లించుకుంటూ ఇంటికి వచ్చారట. అత్తయ్య ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వేది. ఆ డ్రమ్ములోంచి తీసి నింపుకునే చిన్న డబ్బా ఒకటి పై అరలో ఉంటుంది. ఏ పనైనా పూర్తయ్యే ముందు ఆ డబ్బాలోంచి ఒక్క వేలు గ్రీజు రాసి, "ఇక నీ చావు నువ్వు చావు," అని బండిని దీవించి పంపేవారు. నేను కొత్త గ్రీజులు తెచ్చాక ఆ డబ్బాను ఎవరూ ముట్టుకోవడం లేదనే అనుకున్నాను.

స్టూలెక్కి చూశాను. అర మీద సామాను మొత్తం వేలు మందం దుమ్ము. డబ్బా మూత మీద మాత్రం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. మూడుసార్లూ, నేను బేరింగులో గ్రీజు నింపాక, "బుష్ నేను తొడుగుతా, నువ్వు పోయి టైర్లలో గాలి చూడు," అన్నారాయన. పోనీలే, పెద్దాయన, ముచ్చట పడుతున్నారు అని వెళ్ళిపోయాను. వేరే ఏ బండికీ ఆయన అలా అడగలేదు.

ఒక అద్దం ముక్క మీద నీలం, ఒకదాని మీద బూడిద రంగుది, మూడోదాని మీద రెండూ కలిపి, కత్తి మొనతో అరగంట మెదిపి కిటికీలో పెట్టాను. మర్నాటి పొద్దుటికి మొదటి రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మూడోది గట్టు మీద నుంచి కిందికి కారి, మా ఆయన చెప్పులో పడింది.

ఆ ముక్కలు పట్టుకుని ముందు గ్రీజు కొట్టుకే వెళ్ళాను. "నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాను తల వంచుకుని.

"మా కొట్లో ఏదీ వెనక్కి తీసుకోబడదమ్మా, బోర్డు చూళ్ళేదా?" అని ఆయన అద్దం ముక్కను వెలుతురుకి పెట్టి చూసి ఈలవేశాడు. "గ్రీజంటే ఏముంది? నూనె. ఆ నూనె జారిపోకుండా పట్టి ఉంచేది ఇంకొకటి. నీలందాంట్లో ఒక రకం సబ్బు పట్టి ఉంచుతుంది. ఈ పాతదాంట్లో మెత్తటి మట్టి పట్టి ఉంచుతుంది, బట్టీ వేడికి అదే తగును. రెండూ మేలైనవే. కలిపావో, దీని పట్టు అది విడిపిస్తుంది, దాని పట్టు ఇది. నూనె కారిపోతుంది. ఇంక నీళ్ళకి అడ్డేముంది?"

"ఇంత పాడవడానికి ఒక్క వేలు గ్రీజు సరిపోతుందా?"

"అంత చిన్న బేరింగులో ఒక్క వేలు తక్కువా అమ్మా?"

ప్రశ్నకి జవాబు దొరికితే నాకు పండగలా ఉండాలి. ఆ రోజు కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. ఈ మాట ఆయనతో ఎలా చెప్పను? ఆ డబ్బా పెంటకుప్పలో పారేసి, "ఏమో మామయ్యా, ఎలకలు ఎత్తుకుపోయాయేమో," అందామనుకున్నాను. నాకు నట్టు నట్టుకీ నిజం చెప్పిన మనిషికి నేను ఎలకల కథ చెప్పాలా? నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడు ముక్కలూ ఆయన ముందు బల్ల మీద పెట్టాను. "మామయ్యా, ఏది ఏంటో చెప్పండి చూద్దాం."

"పరీక్షా? నాకా?" ఆయనకి సరదా పుట్టింది. మొదటిది వేళ్ళ మధ్య నలిపారు. "పడవల గ్రీజు." రెండోది వాసన చూడగానే మొహం వెలిగింది. "ఇది నా డబ్బా! కళ్ళు మూసుకుని చెప్తా." మూడోది ఎత్తి పట్టుకునేసరికి గంజి జారి మణికట్టు దాకా కారింది. "ఛీ ఛీ, ఇదేంటి? రెండూ కలిపిన వెధవ ఎవడు?"

నేను గుడ్డ తీసి ఆయన మణికట్టు తుడిచాను.

ఆయన నన్ను చూశారు. విప్పి ఉన్న నర్సక్క బండిని చూశారు. తర్వాత తన గోరు చూసుకున్నారు.

"ఆ వెధవను నేనేనా అమ్మాయ్?"

"మామయ్యా, మీ డబ్బాలో తప్పు లేదు. దీంట్లోనూ లేదు. తోడికోడళ్ళ లాంటివి, విడివిడిగా బంగారం, ఒక ఇంట్లో పెడితేనే..."

ఆయన నవ్వలేదు. "మూడుసార్లూ రాశాను. ఎర్రదాంట్లో, నల్లదాంట్లో, దీంట్లో. మీ అత్తయ్య కోసం ఆ వాగు దాటుకుని వచ్చింది కదా ఆ పిల్ల. బండి ఆగకూడదని, అప్పట్లో అందరికీ ఒక వేలు అయితే ఆవిడకి రెండు వేళ్ళు రాశాను." చేతిలో ముక్క బల్ల మీద పెట్టి, "నేనే ఆ పిల్ల నడుం విరగ్గొట్టాను," అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. బండ్లు వచ్చాయి, పోయాయి. ఒక్కదాన్ని కూడా తిట్టలేదు. షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూళ్ళేదు, నాకు ఏడుపొచ్చింది. ప్రశ్న వదిలేసి ఉంటే పోయేది కదా అని మొదటిసారి అనిపించింది. కానీ సొరుగులో ఆ కాగితం ఉంది. వదిలేస్తే నాలుగోసారీ అదే జరిగేది.

కొత్త బేరింగు వచ్చిన రోజు నర్సక్క కూడా వచ్చింది. లింకునూ బుష్‌నూ రెండుసార్లు కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, గాలి కొట్టి, పాత గ్రీజు నలుసు కూడా లేకుండా ఆరబెట్టాను. నీలం డబ్బా మూత తీసేసరికి మామగారు స్టూలు దిగారు. కుళాయి దగ్గరికి వెళ్ళి కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నారు. తర్వాత సబ్బుతో. తర్వాత పాత బ్రష్షు తీసుకుని ఒక్కో గోరూ తోముకున్నారు. ఎంతసేపు తోమారంటే నర్సక్క నా వైపు చూసి కళ్ళతోనే ఏంటని అడిగింది.

ఆయన తడి చేతులతో వచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు. "తల్లీ, మీ బండి పాడు చేసింది మా కోడలు కాదు, నేను." అంతా చెప్పారు, డ్రమ్ము దొర్లించుకొచ్చిన దగ్గర్నుంచి రెండు వేళ్ళ దాకా. ఏదీ దాచలేదు.

నర్సక్క ఆయన గోళ్ళ వంక చూసింది. "అయితే నా నడుం మీద మీ వేలిముద్రలున్నాయన్నమాట బాబాయ్," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి, నవ్వుతోంది కూడా. "నేనింకా ఆ వాగు నా మీద పగబట్టిందనుకున్నాను."

"బుష్ నువ్వే తొడుగమ్మాయ్," అన్నారు మామగారు నాతో.

"నేను టైర్లలో గాలి చూడాలి," అన్నాను. "మీరు తొడగండి."

ఆయన నీలం డబ్బాలో వేలు ముంచారు. వేలు వణుకుతోంది. అయినా బుష్ తిన్నగా దిగింది.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. వాగు పొంగిందని విన్నప్పుడల్లా మామగారు లేచి వెళ్ళి సొరుగు వంక చూసి వచ్చేవారు. మధ్యలో విప్పి చూద్దామని నాకు చెయ్యి దురద పెట్టేది. "ఎందుకమ్మా, ఆగవమ్మా," అనేవారు. పాత డబ్బా ఏమైందంటారా, బేకరీవాడి ట్రాలీ చక్రాలకి పోయింది. పొయ్యి వేడికి అదే తగును కదా. శనివారం శనివారం ఈయనే స్వయంగా వెళ్ళి రాసి, వాడిని నాలుగు తిట్టి వస్తారు. ఇప్పుడు అక్కడి నుంచి కీచుమనే చప్పుడు లేదు, తిట్లే వినిపిస్తాయి.

వానలు వెనకబట్టాక నర్సక్క బండి తెచ్చి నిలబెట్టింది. నేను బోల్టు ఊడదీసి, లింకు దించి, బుష్‌ని బొటనవేలితో నెట్టాను. ఒక్క తోపుకి బయటికి వచ్చింది.

నీలం. అంచున సీలు దగ్గర కాస్త మట్టి, లోపలంతా పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే. ఉక్కు కడ్డీలు తళతళలాడుతున్నాయి.

మామగారు వేలితో కొంచెం తీసి, నలిపి, వెలుతురులో పెట్టి చూశారు. ఇంకోసారి తీశారు. అయిదు వేళ్ళకీ పూసుకుని చంటిపిల్లాడిలా చూసుకున్నారు. తర్వాత తుడుచుకోవడానికి గుడ్డ కోసం వెతికి, కనిపించక, సొరుగు లాగి అందులోంచి మడతపెట్టిన కాగితం తీశారు.

"తల్లీ, ఇది మీకు పనికొస్తుందా?"

నర్సక్క నడుం మీద నుంచి చెయ్యి తీసి చూసింది. "లేదు బాబాయ్," అంది.

ఆయన మడత విప్పి, ఆ సంతకం మీదుగా, ఒక్కో వేలూ నిదానంగా తుడుచుకున్నారు.